విప్పి చూస్తే

ఫ్యాను ఆగిందంటే బళ్లారిలో అది ఇంటి సమస్య కాదు, ఒంటి సమస్య. ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది. కోట గుట్ట పగలంతా తాగిన ఎండను రాత్రి పొద్దుపోయేదాకా మా మీదికే కక్కుతుంది. సరిగ్గా అలాంటి రాత్రే, రెగ్యులేటరు అయిదు మీదున్నా ఫ్యాను రెండు మీదున్నట్టు ఈసురోమంటూ తిరుగుతుంది. ఇంకొన్నాళ్లకు స్విచ్చి వేస్తే సన్నగా మూలుగుతుంది గానీ కదలదు. చీపురుకట్టతో రెక్కను ఒక్క తోపు తోస్తే బయల్దేరుతుంది. ఆ దశలో ఇంట్లో ఎవరో ఒకరు “దీని పని అయిపోయిందబ్బా, కొత్తది తెచ్చేద్దాం” అని తీర్పు చెప్పేస్తారు.

దాని పని ఏమీ అయిపోలేదు. మన ఇళ్లకొచ్చే సింగిల్ ఫేజు కరెంటు మోటారును ఉన్నచోటే అదిలించగలదు, ఫలానా వైపు తిరగమని చెప్పలేదు. అందుకని మోటారులో రెండో వైండింగు ఒకటి పెట్టి, దాంట్లో కరెంటు కాస్త ముందుగా నడిచేలా చేస్తారు. అలా దిక్కు చూపేది కండెన్సరు. మోటారు నెత్తిన ఉన్న ప్లాస్టిక్ కప్పు పైకి జరిపితే కనబడుతుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా. మీద 2.5 మైక్రోఫారడ్ అని అచ్చేసి ఉంటుంది. వేడికీ, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకూ ఏళ్ల తరబడి ఓర్చుకుని అది బలహీనపడుతుంది. చీపురుకట్ట పట్టుకున్న మనిషి చేస్తున్నది దాని ఉద్యోగమే. కొత్తది యాభై, అరవై రూపాయలు. మెయిన్ ఆపి, స్టూలెక్కి, పాతదాని రెండు తీగలు విప్పి కొత్తదాని తీగలు బిగించాలి. అంతే పని. ఆ అరవై రూపాయల ముక్క కోసం రాగి వైండింగు, బేరింగులు, రెక్కలు అన్నీ బాగున్న ఫ్యానును గుజిరీవాడికి తూకానికి వేసేస్తున్నాం.

మన ఇళ్లలో సామాన్లకు చావు చాలా అరుదు. ఎక్కువగా అవి ఆగిపోతాయి. చచ్చిందా, ఆగిందా అని మూత విప్పకుండా చెప్పేవాణ్ణి నేను నమ్మను, అతగాడు షోరూములో టై కట్టుకున్నవాడైనా సరే.

మూత విప్పితే ఊరు కూడా కనబడుతుంది. ఇనుప ఖనిజం లారీలు రాత్రింబవళ్లు తిరిగిన కాలంలో, 2011లో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో తవ్వకాలు నిలిపేసేదాకా, సండూరు దారి పక్క ఇళ్లలో ఏ టీవీ వెనక మూత తీసినా కుంకుమలాంటి ఎర్రదుమ్ము. జీన్సు ప్యాంట్లు కుట్టే కౌల్ బజారు ఇళ్లలో టేబుల్ ఫ్యాను జాలీ ఊడదీస్తే లోపల నీలంగా నూగు, మోటారు గాలి పీల్చే సందులన్నీ మూసుకుపోయి. గాలాడక మోటారు కాగుతుంది, ఆయిలు ఇంకిపోయి బుష్షు పట్టేస్తుంది. రంగులేసే బ్రష్షుతో దులిపి, కుట్టుమిషను ఆయిలు రెండు చుక్కలు వేస్తే లేచి కూర్చునే ఫ్యాన్లు ఎన్నో. దీన్ని రిపేరు అనడానికి కూడా నాకు మొహమాటమే.

మిక్సీ సంగతి ఇంకా తమాషా. చెనిక్కాయల పొడి కొడుతుండగా టక్కున ఆగుతుంది. మోటారు కాలిందని కంగారు. తిరగేసి చూస్తే అడుగున చిన్న ఎర్ర బటను ఉంటుంది. బరువు మించితే తనంతట తాను కరెంటు తెంపేసే ఏర్పాటది. ఓ పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కితే సరి. అది కాకపోతే కార్బన్ బ్రష్షులు. పెన్సిలు ముక్కల్లాంటి నల్లటి జత అరిగి పొట్టివై, లోపల నిప్పురవ్వలు కనబడతాయి. మోటారు తిరుగుతున్నా జారు తిరగకపోతే, ఆ రెంటినీ కలిపే కప్లరు పళ్లు అరిగాయని అర్థం. చాలా మిక్సీల్లో మోటారు మీది కప్లరు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక, బలంకొద్దీ అవతలి వైపు తిప్పి మరింత బిగించి, ఆనక మిక్సీని తిట్టేవాళ్లున్నారు.

విప్పడం ద్వారా చదువుకున్నవాళ్లలో పెద్ద పేరు కోయంబత్తూరు జి.డి. నాయుడుది. 1893లో ఆ ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టాడు. హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఓ తెల్లదొర మోటారుసైకిలు కొని, తొక్కి తిరగడానికి ముందు ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించాడు. అదే ఆయన ఇంజనీరింగు కాలేజీ. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారుచేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించిన మనిషి వెనక ఉన్నది ఆ విప్పుడే.

రేడియో అంటే మా సరిహద్దు ఊళ్ల కథ వేరు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరు వైపు వచ్చింది. గీత మనుషులకే గానీ గాలికి కాదుగదా. 1950లో మొదలైన ధారవాడ కేంద్రమూ, 1963లో వచ్చిన కడప కేంద్రమూ ఒకే ముల్లు కింద పలికేవి. ఇక్కడి పాత మెకానిక్కులు అందుకే కన్నడ పాటా, తెలుగు వార్తలూ రెండూ శుభ్రంగా వినబడేదాకా సెట్టు వెనక్కిచ్చేవాళ్లు కారు. ఇప్పటికీ ఏ రిపేరు కొట్టు ముందు నిలబడినా మూడు భాషలు వినొచ్చు. “రిపేరి ఆగుత్తా సార్?” అని ఒకరు, “రేపు రాప్పా” అని లోపల్నుంచి జవాబు, “ఐసీ గయా భాయ్” అని సోల్డరింగు పొగలోంచి ఇంకో గొంతు. విడిభాగాలు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ నుంచో వస్తాయి.

స్వయంగా రిపేరు చేసుకోవడమంటే ఈ మెకానిక్కుల పొట్ట కొట్టడమని కొందరంటారు. నేను ఒప్పుకోను. కండెన్సరు మీరు మార్చుకోండి, బోర్డు పని వాళ్లకివ్వండి. రోగం ఏదో కాస్త తెలిసి వెళ్లినవాడితో మెకానిక్ మర్యాదగా మాట్లాడతాడు, ధరా మర్యాదగానే ఉంటుంది. ఇక కొన్నింటి జోలికి అసలు పోకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్గు పీకేసినా లోపలి కండెన్సరులో దాదాపు రెండు వేల వోల్టులు నిలవ ఉండొచ్చు, చెయ్యి తగిలితే ప్రాణం పోతుంది. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబూ అంతే.

ఇక కంపెనీలే కావాలని సామాన్లు తొందరగా పాడయ్యేలా చేసే విద్య ఒకటుంది, అది కొత్తదేమీ కాదు. 1924లో ప్రపంచపు పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో చేతులు కలిపి, ఏ బల్బూ వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టుదిట్టం చేసుకున్నాయి. మించి వెలిగే బల్బు చేసినవాడికి జరిమానా కూడా. ఇప్పటి ఎల్ఈడీ బల్బు తెల్ల టోపీ ఊడదీసి చూడండి. అల్యూమినియం బిళ్ల మీద పసుపుపచ్చని గింజలు వరసగా, వాటిలో ఒకదాని నడుమ ఆవగింజంత నల్లచుక్క. అన్నీ ఒకే గొలుసులో ఉంటాయి గనక ఆ ఒక్కటి తెగితే బల్బంతా చీకటి. రోడ్డు పక్కన కూర్చుని, ఆ చుక్క మీద సోల్డరు బొట్టు పెట్టి బల్బు వెలిగించే కుర్రాళ్లున్నారు. మిగతా గింజల మీద భారం పెరుగుతుంది, కాబట్టి కొన్నాళ్లే. ఆ మాట వాళ్లే చెప్పి మరీ డబ్బు తీసుకుంటారు, అదీ నచ్చుతుంది నాకు.

ఫోన్ల సంగతి చూస్తేనే గుబులు. బ్యాటరీని జిగురుతో అంటించేస్తారు, మూతకు బజారు స్క్రూడ్రైవరు పట్టని ఐదు రేకుల స్క్రూలు. ప్రభుత్వాలు ఈ మధ్యనే మేలుకున్నాయి. ఫ్రాన్సు 2021 నుంచి ఫోన్లు, వాషింగ్ మెషిన్ల వంటి వాటి మీద రిపేరుకు ఎంత అనువో పదికి మార్కులు వేసి అతికించమంది. మన వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు కోసం పోర్టల్ తెరిచింది. మనకూ అలాంటి మార్కుల పద్ధతి ఎలా ఉండాలో చూడమని 2024లో కమిటీ వేసింది.

ఈ మార్కులు మా ఆడవాళ్లు ఎప్పట్నుంచో వేస్తూనే ఉన్నారు. మొన్నామధ్య ఒక కొట్లో అద్దంలాంటి టచ్ బటన్ల మిక్సీని అమ్మకందారు తెగ పొగుడుతున్నాడు. కొనడానికొచ్చిన ఒకావిడ అంతా విని ఒకే ప్రశ్న వేసింది:

“దీని కప్లరు బజార్లో దొరుకుతుందా అన్నా?”

“బయట దొరకదక్కా. కంపెనీవాళ్లే ఇంటికొచ్చి వేసిపోతారు.”

“వాళ్లొచ్చేదాకా మా ఇంట్లో చట్నీ ఎవరు రుబ్బుతారప్పా? ఆ తిప్పుడు స్విచ్చిది తియ్యి, కింద అరలో ఉన్నది.”