నాన్న కట్టిన ఓడకు మోటారు కావాలి!

1948 మార్చి 14న విశాఖపట్నం సింధియా షిప్‌యార్డులో 'జల ఉష' నీళ్లలోకి జారింది. ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన ఆ ఆవిరి ఓడను చూడ్డానికి ఊరు ఊరంతా కదిలింది. దానికి రివెట్లు కొట్టిన కూలీల్లో ఒకాయన ఆ ముచ్చటను బతికినన్నాళ్లూ చెబుతూనే ఉండేవాడు. ఇప్పుడాయన లేడు. ఆయన కొడుకు కూడా అదే యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరై గాజువాకలో ఉంటున్నాడు. రెండేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ ఓడనే నూరో వంతు సైజులో చెక్కుతున్నాడు. నాలుగడుగుల పైచిలుకు పొడవు. డెక్కు మీద క్రేన్లు, చిన్న చిన్న పడవలు, పొగగొట్టం... అన్నీ కుదిరాయి. షోకేసులో పెడితే సరిపోయేది. కానీ పెద్దాయనకు అది నడవాలి. నాన్న చెప్పినట్టు, నిండుగా, నెమ్మదిగా నీళ్లను కోసుకుంటూ వెళ్లాలి.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంజినీరింగ్ చదువుతున్న మనవడు పాత కార్డ్‌లెస్ డ్రిల్లులోంచి మోటారు ఊడదీసి బిగించాడు. 12 వోల్టులిచ్చి ఇంటి ముందు సిమెంటు తొట్టెలో ఆన్ చేశాడు. వెనక నురగ... ముందు భాగం గాల్లోకి! తొట్టె గోడకు కొట్టుకోబోతే ఇద్దరూ పట్టుకున్నారు. "ఏటిరా ఇది? ఓడా, మోటారు సైకిలా?" అన్నాడు పెద్దాయన. "పవరుంటే మంచిదే కదా తాతా!" అన్నాడు మనవడు.

మంచిది కాదు. బొమ్మ ఓడ అసలు ఓడలా కనిపించాలంటే దాని వేగానికీ ఓ లెక్కుంది. ఎంత చిన్నది చేశామో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, అసలు వేగాన్ని దాంతో భాగించాలి. నూరో వంతుకైతే పదితో. ఆ రోజుల్లో సరకు ఓడలు 10 నాట్ల మీద నడిచేవనుకుంటే మోడల్‌కు ఒక్క నాటు చాలు. అంటే సెకనుకు అర మీటరు. పార్కులో వాకింగ్ చేసే పెద్దవాళ్లు కూడా దాన్ని దాటి వెళ్లిపోతారు! అప్పుడే ముందు లేచే అల కూడా అసలు ఓడ అలలా ఉంటుంది. ఇంకో సంగతి. పంకా వేగం రెట్టింపు చేయాలంటే శక్తి రెట్టింపు చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. బ్యాటరీ ఎక్కడ ఖర్చయిపోతోందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

కాబట్టి వెతకాల్సింది పరుగెత్తే మోటారు కాదు, నింపాదిగా తిరుగుతూ బరువు లాగేది. పాత ఇనప సామాన్ల కొట్టులో కారు బ్లోయర్ మోటారు దొరికింది. డ్యాష్‌బోర్డు లోపల గాలి విసిరే ఆ మోటారు లావుగా, మొరటుగా ఉంటుంది కానీ చక్కగా నిదానంగా తిరుగుతుంది. 12 వోల్టుల మోటారుకు 6 వోల్టులే ఇస్తే ఇంచుమించు సగం వేగానికి దిగుతుంది. పెద్దాయనకు కావల్సిందీ అదే. పంకా కడ్డీనీ మోటారునూ తిన్నగా ఒకే గీతలో కూర్చోబెట్టడానికి రెండు రోజులు పట్టింది. వెంట్రుకవాసి వంకరున్నా ఆ రాపిడికే సగం కరెంటు పోతుందని ఫిట్టర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎంత కరెంటు తాగుతుందో ఊహించకూడదు, కొలవాలి. ఓడను తొట్టెలో కట్టేసి, పంకాను నీళ్లలో తిప్పుతూ, మీటరు పెట్టి చూశారు. ఒకటిన్నర ఆంపియర్లు! అయినా స్పీడు కంట్రోలరు మాత్రం పెద్దదే కొనాలి. నాచు చుట్టుకుని పంకా ఆగిపోయిందంటే కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. దాన్ని తట్టుకునే కంట్రోలరూ, మధ్యలో ఓ ఫ్యూజూ లేకపోతే రెండేళ్ల శ్రమ ఐదు నిమిషాల్లో పొగైపోతుంది.

ఇక బ్యాటరీ దగ్గర తాతా మనవళ్లకు అసలు యుద్ధం. మనవడిది లిథియం పాలిమర్ పక్షం. డ్రోన్లలో వాడేది అదే. అరచేతిలో పట్టేంత, రెండొందల గ్రాములు. పెద్దాయన ఎమర్జెన్సీ లైట్లలో ఉండే 6 వోల్టుల లెడ్ బ్యాటరీలు రెండు తెచ్చి ముందు పెట్టాడు. "ఈ కాలంలో ఇవేంటి తాతా?" "నీదెంత బరువురా?" "రెండొందల గ్రాములు." "మరి మిగతాదేటి పెడతావు? రాళ్లా?"

నిజమే మరి. పొడవు నూరో వంతైతే బరువు పది లక్షలో వంతు. పదివేల టన్నుల ఓడకు పది కిలోల మోడల్. ఈ ఓడ రంగు గీత దాకా మునగాలంటే మొత్తం 11 కిలోలుండాలి. కర్రా మోటారూ అన్నీ కలిపినా ఆరే అయ్యాయి. విమానానికి తేలికైన బ్యాటరీ వరం. ఓడకు బరువైనదే వరం. అడుగున పెడితే పక్కకు ఒరగకుండా నిలబెడుతుంది కూడా. రెండింటినీ జతగా కలిపితే వోల్టులు పెరగవు, నడిచే సమయం పెరుగుతుంది. మొత్తం 9 ఆంపియర్ అవర్లలో సగమే వాడుకున్నా మూడు గంటలు నడుస్తుంది. లిథియం పాలిమర్‌ను మరీ ఖాళీ చేస్తే పాడవుతుంది, ఉబ్బితే వాడకూడదు, ఛార్జింగులో వదిలేసి నిద్రపోకూడదు. రేసు పడవలకు అది కావాలి గానీ, కర్ర షెడ్డులో దాని కాపలా ఎవరు కాస్తారు? మిగిలిన బరువుకు సీసం ముక్కలు పేర్చారు.

1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా రేడియోతో నడిపి చూపించిన పడవ కూడా బ్యాటరీ మీదే నడిచింది. తీగ లేకుండా కదులుతున్న ఆ పడవను చూసి జనం మంత్రమనుకున్నారట!

ఓ ఆదివారం పొద్దున్నే ఓడను అనకాపల్లి దగ్గర సొంతూరి చెరువుకు తీసుకెళ్లారు. ఉప్పునీరు మోటారును తినేస్తుందని సముద్రం వద్దనుకున్నారు. ఓడ గట్టు వదిలింది. ముందు చిన్న అల, వెనక సన్నటి గీత. పెద్దాయన నోరు మెదపలేదు. ఇరవై నిమిషాలయ్యాక చెరువు నడిమధ్య తామర తీగలో చిక్కి ఓడ ఆగిపోయింది. మనవడు చొక్కా విప్పేశాడు. "దిగావంటే కాళ్లు విరగ్గొడతాను!" అని పెద్దాయన కేక. లోతు తెలియని చెరువు. ఓడ పోతే పోయింది... ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో పక్కనున్నవాళ్లకు తెలిసింది. చేపలు పట్టేవాళ్ల తెప్ప వచ్చేదాకా గంటన్నర గట్టు మీదే కూర్చున్నారు. ఓడ తిరిగొచ్చాక మూత తీస్తే లోపల ఫ్యూజు ఒక్కటే కాలింది. మోటారుకేమీ కాలేదు.

లెడ్ బ్యాటరీని ఖాళీగా పడుంచితే చెడిపోతుంది. అందుకే ఇంటికి రాగానే, అన్నమైనా తినకుండా ఛార్జింగుకు పెట్టాడు పెద్దాయన. "తాతా, పొగగొట్టంలోంచి పొగ వచ్చేలా చేద్దామా? చిన్న యంత్రం దొరుకుతుంది" అన్నాడు మనవడు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని కాగితం అందుకున్నాడు. "అదెన్ని ఆంపియర్లు తాగుతుందిరా?"