ఏడో నంబరు ఎవరికి?

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మా ఇంట్లో శనివారం పొద్దున ఆరింటికే మొదలవుతుంది. కమలాపళ్ళు నాలుగేసి ముక్కలుగా కోసి డబ్బాలో సర్దాలి. ఫ్లాస్కులో టీ పోయాలి. మా వాడి బ్యాగులో బూట్లు, మేజోళ్ళు, మౌత్‌గార్డు, నీళ్ళ సీసా అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. "పద్నాలుగేళ్ళవాడు, వాడి బ్యాగు వాణ్ణే సర్దుకోనీ" అని మా వారు అంటూనే ఉంటారు. నేను వింటే కదా!

సిడ్నీ పడమటి శివార్లకు వచ్చి మాకు పదకొండేళ్ళు. హ్యారిస్ పార్కులో దోసె దొరుకుతుంది, వెంట్‌వర్త్‌విల్‌లో గోంగూర దొరుకుతుంది, కాబట్టి తెనాలి విడిచి వచ్చిన బెంగ కొంత తీరింది. కానీ మా వాడి బళ్ళో మగపిల్లలంతా మాట్లాడుకునేది రగ్బీ లీగ్ గురించే. మేం క్రికెట్ అన్నాం, వాడు లీగ్ అన్నాడు. వాడే గెలిచాడు. మొదటి మ్యాచ్ అంతా నేను చున్నీ కళ్ళకు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. ఒకణ్ణి ముగ్గురు పట్టుకుని నేలకేసి పడేస్తుంటే ఏ తల్లి చూడగలదు?

చూడగా చూడగా అర్థమైంది. ఇది ఒట్టి కుస్తీ కాదు. జట్టుకు పదమూడు మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ముందుకు వెళ్ళాలంటే పరిగెత్తాలి, లేదా తన్నాలి. బంతి ఉన్నవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి ఆపితే అది ఒక టాకిల్. అలా ఆరుసార్లు ఆపేస్తే బంతి వాళ్ళకు ఇచ్చేయాలి. ఆ ఆరు లోపల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఆ తర్వాత కర్రల మధ్యలోంచి తన్నితే ఇంకో రెండు. నెలకు ఇంత అని చేతికిచ్చిన డబ్బుతో ఇల్లు నడిపినవాళ్ళకు ఈ ఆరు టాకిల్స్ లెక్క వెంటనే బోధపడుతుంది. మొదటి నాలుగూ దుబారా చేస్తే చివర్లో చేతులు పిసుక్కోవాలి.

ఆ ఆరింటినీ ఎలా ఖర్చుపెట్టాలో చెప్పేవాళ్ళే ఆట నడిపేవాళ్ళు. ప్లేమేకర్లు అంటారు. చొక్కా మీది నంబరును బట్టే ఎవరి పని ఏమిటో తెలిసిపోతుంది. ఒకటో నంబరువాడు అందరి వెనక నిలబడి మైదానమంతా చూస్తుంటాడు. తొమ్మిదోవాడు ప్రతి టాకిల్ తర్వాత బంతిని నేల మీంచి తీసి అందిస్తాడు. ఆరు, ఏడు నంబర్లవాళ్ళు ఆ బంతిని ఎటు పంపాలో, ఎప్పుడు తన్నాలో తేలుస్తారు. ఈ నలుగురినీ కలిపి స్పైన్, అంటే వెన్నెముక అంటారు. మిగతా తొమ్మిది మందికి ఎంత బలం ఉన్నా వెన్ను సరిగా లేకపోతే నిలబడలేరు.

మా వాడు ఏడో నంబరు.

నేనేమో టీ అమ్మే తల్లి స్థాయి నుంచి పుస్తకం రాసే తల్లి స్థాయికి ఎదిగాను. ఎవరు ఎన్ని టాకిల్స్ చేశారు, ఎవరి చేతిలోంచి బంతి జారింది రాసిపెట్టేవాళ్ళు కావాలని కోచ్ అడిగాడు. ఆయన వృత్తి ప్లంబింగు, గురువారం సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతాడు. నేను చేయెత్తాను. అంకెలు మామూలుగానే వేసినా మాటలు మాత్రం తెలుగులో రాసేదాన్ని. వేగంగా రాయాలంటే నాకు అదే వస్తుంది. పైగా పక్కన కూర్చున్న తల్లులు తొంగి చూసినా వాళ్ళ పిల్లల గురించి ఏం రాశానో తెలియదు. బి.ఏ. తెలుగు పరదేశంలో ఇలా పనికొస్తుందని మా మాస్టార్లు కూడా అనుకుని ఉండరు.

పోయిన ఏడు మా పిల్లలు సెమీఫైనల్‌కు చేరారు. కానీ ఆఖరి మూడు మ్యాచ్‌లూ కిందామీదా పడి నెగ్గారు. ఆరో నంబరు పిల్లాడికి మణికట్టు విరిగి ఆ సీజన్‌కు ఆట మానేశాడు. ఇప్పుడు ఆరు, ఏడు ఎవరికివ్వాలన్నది ప్రశ్న. సెమీస్ ముందు గురువారం కోచ్ నన్ను పిలిచి, "మీ పుస్తకం ఏమంటోంది?" అని అడిగాడు. రేపు చెబుతానని ఇంటికి వచ్చాను.

రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచాను. బాగా ఆడే ఇద్దరిని ఏరి ఆ రెండు నంబర్లు ఇచ్చేస్తే సరిపోదని అప్పటికి నాకు తెలుసు. ఇద్దరికీ పొత్తు కుదరాలి. ఇద్దరూ పరిగెత్తేవాళ్ళే అయితే దారి చెప్పేవాడుండడు. ఇద్దరూ చెప్పేవాళ్ళే అయితే మిగతా పిల్లలు ఎవరి మాట వినాలో తెలియక నిలబడిపోతారు. పెన్‌రిత్ పాంథర్స్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్ళు గెలిచింది. మొదట్నుంచీ ఏడు నేథన్ క్లియరీ, ఆరు జెరోమ్ లుఆయి. ఒకడు లెక్క తప్పనివాడు, ఇంకొకడు ఆ లెక్కలో లేనిది అప్పటికప్పుడు పుట్టించేవాడు. 2023 ఫైనల్లో రెండో సగంలో లుఆయి గాయంతో బయటికి వెళ్ళిపోయాడు. బ్రిస్బేన్ బ్రాంకోస్ 24, వీళ్ళు 8. మిగిలింది ఇరవై నిమిషాల చిల్లర. క్లియరీ ముఖంలో ఏ మార్పూ లేదు. ఒక్కొక్క టాకిల్ లెక్కపెట్టుకుంటూ ఆట నడిపి, చివరి నిమిషాల్లో తనే ట్రై వేశాడు. 26-24. మా వాడు సోఫా ఎక్కి గెంతాడు.

ఆ ముఖం గుర్తొచ్చాకే నా రాతలో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనబడింది. "7 - బంతి జారింది. ఇటు చూశాడు." "7 - తన్నింది నేరుగా బయటికి పోయింది. ఇటు చూశాడు." తొమ్మిది మ్యాచ్‌లలో పదకొండుసార్లు రాశాను. ఇటు అంటే ఎటు? నావైపే. తప్పు జరగగానే మా వాడు ఆట వదిలేసి గట్టు మీద అమ్మ ముఖం చూస్తున్నాడు. ఆ తర్వాతి రెండు టాకిల్స్ వాడి గొంతు వినబడదు. అక్కడ రాసుకున్న మాట "కంగారు".

పదమూడో నంబరు పిల్లాడి పేజీ వేరుగా ఉంది. సమోవా వాళ్ళ అబ్బాయి, బయట రెండు మాటలు మాట్లాడడు. మా వాడిలా తన్నలేడు. కానీ మైదానంలో వాడు చెయ్యి ఎత్తి చూపిస్తే తనకన్నా బరువైన పిల్లలు కూడా అటే వెళతారు. బంతి జారవిడిచినా మరుక్షణం వరసలో నిలబడి "రండి, రండి" అంటాడు. ఎవరివైపూ చూడడు.

నాకు ఒక్కసారిగా మా ఆడపడుచు పెళ్ళి గుర్తొచ్చింది. పదహారేళ్ళ కిందటి మాట. ఉగ్రాణం తాళాలు నాకే ఇస్తారని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. చీటీలు రాసి, సరుకులు లెక్కపెట్టి అంతా సిద్ధం చేసింది నేనే. తీరా అత్తయ్యగారు తాళాలగుత్తి మా తోడికోడలి చేతిలో పెట్టారు. నాకన్నా ఆరేళ్ళు చిన్నది! రాత్రి నన్ను పిలిచి చెప్పారు. "అమ్మాయ్, పని నీకే బాగా వచ్చు. కానీ నెయ్యి తగ్గితే నీ ముఖం చెప్పేస్తుంది. పెళ్ళివారికి తెలిసిపోతుంది. దానికి ఇల్లు తగలబడుతున్నా ముఖంలో తెలీదు. నువ్వు పందిట్లో ఉండు, నీ నవ్వు అక్కడ కావాలి." ఆవిడ మీద చాలా ఏళ్ళు గుర్రుగా ఉన్నాను. ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర ఆవిడ మాట అర్థమైంది.

ఇంకొకటి కూడా అర్థమైంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. వాడు నావైపు చూడక ఏం చేస్తాడు? బ్యాగు నేనే సర్దుతాను. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని వాణ్ణి అడిగితే జవాబు నేను చెబుతాను. ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరి పుట్టినరోజుకు ఏం పట్టుకెళ్ళాలో అన్నీ నేనే. ఇంట్లో ఏడో నంబరు నేను. వాడికి ఎప్పుడైనా ఒక్క టాకిల్ అయినా నడపనిచ్చానా?

శుక్రవారం కోచ్‌కు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. చెబుతుంటే గొంతు వణికింది. ఆయన తల ఊపి, "నేనూ అదే అనుకుంటున్నాను, తల్లి కదా ఎలా చెప్పాలా అని ఆగాను" అన్నాడు. సమోవా అబ్బాయికి ఏడు. మా వాడికి ఆరు, ఎడమవైపు. దారి చెప్పడం వాడి పని, సందు చూసి దూరడం మావాడి పని. చివరి టాకిల్‌కు తన్నడం మాత్రం మావాడిదే, కాలు బాగుంది కాబట్టి. ఒక పనిని ఇలా పంచవచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు.

సాయంత్రం ప్రాక్టీసు నుంచి వాడు ముఖం ముడుచుకుని వచ్చాడు. "అమ్మా, కోచ్‌కు నువ్వేం చెప్పావ్?"

అబద్ధం చెప్పొచ్చు. పుస్తకం తెలుగులో ఉంది, వాడికి చదవడం రాదు. కానీ చదివి వినిపించాను, పదకొండూ.

"నువ్వు నా టీమ్ అనుకున్నా" అని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. రాత్రి పెరుగన్నం కూడా గదిలోనే. మా వారు ఏమీ అనలేదు, నా టీ కప్పు కడిగి పెట్టారు.

తొమ్మిదింటికి తలుపు తట్టి, ఫోనులో 2015 ఫైనల్ ఆఖరి నిమిషాలు పెట్టి వాడి పక్కన కూర్చున్నాను. కౌబాయ్స్, బ్రాంకోస్ 16-16. హూటర్ మోగాక గెలిపించాల్సిన కిక్ జొనాథన్ థర్స్టన్ తన్నితే బంతి కర్రకు తగిలి వెనక్కి వచ్చేసింది. అదనపు సమయం మొదలైంది. మొదలవుతూనే పైనుంచి వస్తున్న బంతిని బ్రాంకోస్ ఏడో నంబరు బెన్ హంట్ జారవిడిచాడు. కాసేపటికి థర్స్టనే మళ్ళీ బంతి అడిగి తీసుకుని తన్నాడు. ఒక్క పాయింటు, 17-16. హంట్ నేల మీద కూలబడ్డాడు.

"హంట్ తర్వాత ఏమయ్యాడు?" అని అడిగాను, తెలియనట్టు.

"2022 ఆరిజిన్ మూడో మ్యాచ్‌లో క్లియరీ కిక్ పట్టుకుని అటు చివరిదాకా పరిగెత్తి ట్రై వేశాడు, తొమ్మిదో నంబరుతో. మొన్న 2025లో బ్రాంకోస్‌తోనే గెలిచాడు కూడా." వాడికి అన్నీ తెలుసు. కాసేపు ఊరుకుని అన్నాడు, "థర్స్టన్ కూడా మిస్ చేశాడు కదమ్మా, ముందు."

"అవును నాన్నా."

"ఎవరివైపూ చూడలేదు."

నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం నాకెంత కష్టమో మీకు తెలుసు.

శనివారం బ్యాగు వాడే సర్దుకున్నాడు. మేజోళ్ళు మరిచిపోయాడు, బడి మేజోళ్ళతో ఆడాడు. నేను పుస్తకం ఇంకో తల్లికి ఇచ్చి క్యాంటీన్‌లో సాసేజీలు తిప్పడానికి నిలబడ్డాను. అక్కణ్ణుంచి మైదానం కనబడదు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మ్యాచ్ అయ్యాక ఏడో నంబరు అబ్బాయి తల్లి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "మీవాడు రెండో సగంలో ఒక బంతి జారవిడిచాడు. చూశారా?"

"లేదు."

"వెంటనే చెయ్యెత్తి, తప్పు నాదే అని చెప్పి వరసలోకి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆరింటిలో మావాడి దగ్గర బంతి తీసుకుని ట్రై వేశాడు."

సాసేజీ ఒకటి మాడింది. పొగకే కళ్ళు మండాయని ఆవిడతో చెప్పాను.

మరుసటి వారం వాడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, నువ్వు రాసింది నేనే చదువుకుంటా, నేర్పు." పదేళ్ళుగా పెద్ద బాలశిక్ష చూపించి బతిమాలినా కుదరని అక్షరాలు, బంతి మరకలున్న ఈ పుస్తకంతో మొదలయ్యాయి. రోజూ పదిహేను నిమిషాలు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాడు. నిన్న తన పేజీకే వచ్చాడు.

"కం... గా... రు." తలెత్తాడు. కళ్ళు మెరిశాయి. "కంగారూ! అమ్మా, నన్ను ఆస్ట్రేలియా టీమ్‌లో వేశావా?"

ఇక్కడి దేశపు జట్టు పేరు కంగారూస్. ఆ మాటకు మన తెలుగులో అర్థం ఏమిటో వాడికి ఇంకా చెప్పలేదు. రేపు వాడే అడుగుతాడు లెండి.