తఖ్తా మీద పడుకున్న రోజు

మా మొహల్లాలో ఆడమనిషి ఇంతెకాల్ అయితే మొదటి ఫోను కబ్రస్తాన్ తవ్వేటాయనకు పోతది, రెండోది గుసుల్ నానీకి. ఆమె అసలు పేరు మాలో చాలామందికి తెల్వదు. వరంగల్ మండిబజార్ చుట్టుపక్కల నాలుగైదు గల్లీలకు ఆమే గస్సాలా. డెబ్బై దాటినయి. ఈ పని వాళ్ల సాస్ పక్కన నిలబడి నేర్చుకున్నది. ఆ సాస్ ఇంకెవరి పక్కనో నిలబడి నేర్చుకున్నది. కితాబు లేదు, క్లాసు లేదు. చూసి నేర్చుకునుడే.

మూడేళ్ల కింద మా పక్కింటి ఆపా పోయింది. ఛాతీ క్యాన్సర్. ఆఖరి నెలలో దవాఖానకూ ఇంటికీ తిరిగి తిరిగి, ఒక తెల్లారుజామున దవాఖానలనే కళ్లు మూసింది. మయ్యత్‌ను అట్లనే ఇంటికి తెచ్చిన్రు. చేతికి సెలైన్ సూది అట్లనే ఉంది. మూత్రం పైపు అట్లనే ఉంది. ఛాతీ మీద గాయానికి కట్టు, దాని చుట్టూ టేపులు. నీళ్లు అందించుటానికి నేనూ పర్దా లోపలికి పోయిన. గుసుల్ నానీ తన జిందగీల వందల మందికి గుసుల్ ఇచ్చి ఉంటది. అయినా ఆ పైపును చూసి ఆమె చేతులు ఆగిపోయినయి.

సాయానికి వచ్చిన ఒకామె టేపును సర్రున గుంజింది. టేపుతో పాటు తోలు లేచొచ్చింది. నానీ ఆమె చేయి పట్టుకున్నది. "హల్లూ బేటీ, హల్లూ. ఉనే సున్‌రీ" అన్నది. పైపు ఎట్ల తీయాలెనో ఎవరికీ తెల్వలే. గల్లీలో సూదులేసే డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్తుంటే తీసినం. సూది తీసిన చోట రక్తం ఆగలేదు. తొడిగిన కఫన్ మీద మరక పడ్డది. ఇంకో గుడ్డ కోసం మగవాళ్లను మళ్లా బజారుకు ఉరికించినం. వాసనకు ఒకామె దుపట్టా ముక్కుకు కట్టుకున్నది. అబద్ధమెందుకు, నేనూ కట్టుకున్న.

ఆ రాత్రి మా చెల్లెకు ఫోన్ చేసి అంతా చెప్పిన. గాయం ఎట్లుండె, వాసన ఎట్లొచ్చె, అన్నీ. "ఎవరికీ చెప్పకు" అని చెప్పి మరీ చెప్పిన. చెల్లె ఎవరికి చెప్పిందో, వాళ్లెవరికి చెప్పిన్రో. చాలీస్వాఁ నాడు ఆపా బిడ్డ నా పక్కన కూసోని, దస్తర్‌ఖాన్ మడత పెట్టుకుంటనే అడిగింది: "ఖాలా, మా అమ్మీ దగ్గర అంత వాసన వచ్చిందా?"

నేనేం జవాబు చెప్పలే. ఇప్పటికీ ఆ సవాల్ నా చెవుల్లోనే ఉంది. ఈ మజ్మూన్ రాస్తున్నది అందుకే.

గుసుల్ ఇచ్చినోళ్లు చూసిన ఐబ్‌ను దాచిపెడితే అల్లాహ్ వాళ్లను నలభైసార్లు మాఫ్ చేస్తడని హదీసుల ఉంది. చిన్నప్పటి సంది వింటున్నదే. విన్నదాన్ని చేతులకు, నోటికి నేర్పకపోతే ఏమైతదో ఆ నలభై రోజుల్లో తెలిసింది. మేం ఆ రోజు రెండు తప్పులు చేసినం. తెల్వక చేసింది ఒకటి, తెలిసి చేసింది ఒకటి. రెండింటికీ తాలీమ్ కావాలె.

గుసుల్‌కు తాలీమ్ ఏందని కొందరు నవ్విన్రు. ఇది కొత్త మాట కాదు. హుజూర్ (స) బిడ్డ హజ్రత్ జైనబ్ (ర) వఫాత్ అయినప్పుడు గుసుల్ ఇచ్చిన ఆడవాళ్లల్ల ఉమ్మె అతియ్యా (ర) ఉన్నది. హుజూర్ (స) ఆమెకు ఒక్కొక్కటి చెప్పిన్రు. కుడి పక్క నుంచి, వుజూ చేసే అవయవాల నుంచి మొదలుపెట్టాలె. మూడుసార్లో ఐదుసార్లో, అవసరమైతే ఇంకా ఎక్కువో, బేసి లెక్కన కడగాలె. నీళ్లల్ల బేరీ ఆకు, అంటే మన రేగాకు వేయాలె. ఆఖరి నీళ్లల్ల కాఫూర్ కలపాలె. తర్వాత ఉమ్మె అతియ్యా (ర) బస్రాలో ఉన్నప్పుడు, ఇబ్నె సీరీన్ అంతటి ఆలిమ్‌లు మయ్యత్ గుసుల్ తరీఖాను ఆమె దగ్గర నేర్చుకున్నరు. ఒక ఆడమనిషి తన చేతులతో చేసిన పనిని పెద్ద పెద్ద ఆలిమ్‌లకు నేర్పింది. ఇంతకన్నా సనద్ ఏం కావాలె?

అస్మా బిన్తె ఉమైస్ (ర) సంగతి కూడా ఉంది. జనాజా మీద ఒట్టి గుడ్డ కప్పితే ఆడమనిషి ఆకారం కనిపిస్తదని హజ్రత్ ఫాతిమా (ర) ఫికర్ పడితే, అస్మా (ర) హబ్షాలో తాను చూసిన పద్ధతి చెప్పింది. పచ్చి కొమ్మలు వంచి, వాటి మీద గుడ్డ పరిచి చూపెట్టింది. పరదేశంలో చూసిన మంచి పద్ధతిని తెచ్చి మయ్యత్ హుర్మత్‌ను కాపాడింది. కాబట్టి కొత్తది నేర్చుకునుడు కూడా మన రివాజే.

నేర్చుకోవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది. మా నానీ కాలంల మౌత్ ఇంట్లనే వచ్చేది. ఇప్పుడు చాలా మయ్యత్‌లు ఐసీయూ నుంచి వస్తున్నయి. పైపులతోని, కుట్లతోని, నెలలు పడుకుని పడుకుని వీపుకు పడ్డ పుండ్లతోని వస్తున్నయి. కరోనా ఇంకో కొత్త సంగతి తెచ్చింది. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో మయ్యత్‌కు స్నానం చేయించొద్దు, ముద్దు పెట్టొద్దు, హత్తుకోవద్దు అని ఉండె. దువా చదువుటానికి మాత్రం ఇజాజత్ ఉండె. ఆ రోజుల్లో గుసుల్ నానీ అరుగు మీద కూసోని తన రెండు చేతులు చూసుకుంటుండె. "ఇన్నేళ్లకు నా చేతులకు పని లేకుండ అయింది బిడ్డా" అన్నది. బ్యాగు మీద నుంచే తయమ్ముమ్ చేయొచ్చని ఉలమాలు చెప్పిన్రని చెప్తే చాలాసేపు ఊకుండి, "అది కూడా ఎట్లనో నాకు ఎవరు నేర్పాలె?" అని అడిగింది.

చాలీస్వాఁ అయిన తర్వాత నేను ముగ్గురి దగ్గరికి పోయిన. మొదట మా భాభీ. ఇరవై ఏండ్ల సంది నర్సు పని చేస్తున్నది. రెండోది, బస్తీ ఆడపిల్లలకు ఖురాన్ చెప్పే ఆలిమా. మూడోది గుసుల్ నానీ. మొదటి ఇద్దరు వెంటనే ఒప్పుకున్నరు. నానీ మాత్రం మొహం తిప్పుకున్నది. "నాకు రాదని క్లాసులు పెడుతున్నరా?" అన్నది. ఆమె బాధ నాకు తెలుసు. మయ్యత్ బట్టలు, ఒక సబ్బు, ఎవరన్నా ఇస్తే ఇంత పైకం. ఆమెకు దక్కేది అంతే. షాదీలకు ఆమెను పిలిచేది ఆఖరున. ఇప్పుడు ఉన్న ఇజ్జత్ కూడా పోతదేమోనని డర్. "నానీ, క్లాసు మీదే. మేం నేర్చుకునేటోళ్లం" అని చెప్పేసరికి వారం పట్టింది.

మా ఇంటి వెనక దాలాన్‌ల ఇత్వార్ జొహర్ తర్వాత కూసున్నం. పదకొండు మంది ఆడవాళ్లు. ఇంగ్లండ్‌లో చాలా మసీదుల్లో ఇట్లాంటి క్లాసులు బొమ్మను పెట్టి నడిపిస్తరట. మా దగ్గర బొమ్మ లేదు.

భాభీ చెప్పినయి ఇక్కడ రాస్తున్న, మీకూ పనికొస్తయి. దవాఖాననుంచి తీసుకొచ్చే ముందే పైపులు, సూదులు తీసెయ్యమని అక్కడి సిస్టర్లను అడగండి. పోలీస్ కేసు అయితే మాత్రం వాటిని ముట్టుకోవద్దు, పోస్ట్‌మార్టం అయ్యేదాకా అట్లనే ఉండాలె. మూత్రం పైపు లోపల నీళ్లు నింపిన చిన్న బెలూన్ ఉంటది. పక్క గొట్టం నుంచి సిరంజితో ఆ నీళ్లు గుంజకుండ పైపును లాగితే లోపల చీరుకపోతది. టేపును పొడిగా పీకొద్దు. గోరువెచ్చని నీళ్లో నూనెనో రాసి, తోలును ఒక చేత్తో అదిమి పట్టి, మెల్లగా తీయాలె. గుండె ఆగినా సూది పొడిచిన చోట రక్తం కారొచ్చు, దూది పెట్టి గట్టిగా కట్టాలె. గుసుల్ ఇచ్చేటోళ్లు చేతులకు గ్లౌజులు, ముందు ప్లాస్టిక్ ఏప్రన్ వేసుకోవాలె. హెపటైటిస్ బీ టీకా వేయించుకోవాలె. మొదటిది వేసినంక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

ఇగ నానీ వంతు. నాభి నుంచి మోకాళ్ల దాకా చాదర్ తీయకుండ నీళ్లు ఎట్ల పోయాలె, చేతికి గుడ్డ చుట్టుకుని చాదర్ కింద ఎట్ల కడగాలె, పొట్టను ఎంత మెల్లగా ఒత్తాలె, నీళ్ల వేడిని మణికట్టు మీద ఎట్ల చూసుకోవాలె, అన్నీ చూపెట్టింది. ప్రాణం పోంగనే కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్లు చేతులు సాపు చేయాలన్నది. భాభీ తల ఊపింది. "కొన్ని గంటల్లోనే దవడ, మెడ బిగుసుకుంటయి. నానీ చెప్పిందే సైన్సు" అన్నది. నానీ మొహంల అప్పుడు వచ్చిన ఖుషీ మీరు చూడాలె.

చేసి చూపెట్టుటానికి ఒక మనిషి కావాలె. ఎవరూ లేవలేదు. నేనే సల్వార్ కమీజ్ మీదనే తఖ్తా ఎక్కి పడుకున్న.

కళ్లు మూసుకోమన్నరు. మూసుకున్న. మీద చాదర్ పడ్డది. ఎవరో నా చేయి లేపిన్రు. ఎవరో నన్ను ఎడమ పక్కకు ఒరిగించిన్రు, పడిపోతానేమోనని పానం జల్లుమన్నది. పట్టుకునేటోళ్ల చేయి గట్టిగా ఉంటే ఒక తీరు, జంకుతుంటే ఇంకో తీరు. అంతా తెలుస్తది. నీళ్లు చల్లగా తగిలినయి, ఎవరో వేడి చూడలేదు. నా మీద నుంచే ముచ్చట్లు నడుస్తున్నయి. కూర ఏం వండినవని ఒకామె అడుగుతున్నది. ఇంకొకామె నా పాదం చూసి, "అయ్యో, మడిమెలు ఎంతగనం పగిలినయో చూడు" అన్నది. ఇద్దరు నవ్విన్రు.

దిల్లగీకి అన్న మాటే. కానీ నాకు గొంతు పట్టుకున్నది. లేచి జవాబు చెప్పే హక్కు ఆ తఖ్తా మీద నాకు లేదు. పగిలిన మడిమెకే ఇంత సిగ్గైతే, ఆపా ఛాతీ మీది గాయం? అప్పుడు నానీ గొంతు వినిపించింది: "హల్లూ. ఉనే సున్‌రీ." ఇన్నేళ్లు అది మయ్యత్ కోసం చెప్పే మాట అనుకున్న. కాదు, చేతులకు చెప్పే మాట. ఒక్క మాటల మొత్తం తాలీమ్ ఉంది.

ఆ రోజు సంది మా క్లాసుల ఒక ఉసూల్ పెట్టుకున్నం. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరు మొదట తఖ్తా మీద పడుకోవాలె. ఆ తర్వాతే లోటా పట్టుకోవాలె.

ఇంకో సంగతి క్లాసుల నుంచే వచ్చింది. గుసుల్‌తోని మొదలుపెడితే ఆలస్యమైనట్టే, ఆఖరి దినాల నుంచే మొదలుపెట్టాలె అన్నది భాభీ. పెదవులు తడపడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, నొప్పికి మందు అడగడం. ఆపా నొప్పితో అరుస్తుంటే మేమంతా "సబర్ కర్" అన్నం. సబర్ మంచిదే, కానీ నొప్పికి ఇలాజ్ ఉన్నప్పుడు ఇలాజ్ అడగడం బేసబ్రీ కాదు. మన తెలంగాణ సర్కారు కూడా జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది. ఇంటికే వచ్చి చూసే బండికి 'ఆలన' అని పేరు. కేరళలో 1993ల కాలికట్‌లో ఇద్దరు డాక్టర్లు, కొందరు వాలంటీర్లతోని మొదలైన పని ఇప్పుడు ఊరూరికీ పాకింది. మన ముస్లింలు ఎక్కువగా ఉండే మలప్పురంలోనైతే బస్తీవాళ్లే కొన్ని గంటల తాలీమ్ తీసుకుని, పక్కింటి మరీజ్‌ను వారానికోసారి చూసి వస్తరు. వాళ్లు చేసినప్పుడు మనమెందుకు చేయలేం?

నాలుగో ఇత్వార్ నాడు ఆపా బిడ్డ వచ్చింది. దర్వాజా దగ్గరనే నిలబడ్డది. నేను పోయి ఆమె చేతులు పట్టుకుని, ఆ మాట నా నోట్లో నుంచే బయటికి పోయిందని చెప్పి, మాఫీ అడిగిన. ఆమె చాలాసేపు నేలను చూసింది. "అది నాకు తెలుసు ఖాలా" అన్నది. "నేను అడగాలనుకున్నది ఇంకోటి. ఆ రోజు నన్ను లోపలికి ఎందుకు రానియ్యలేదు? నెల రోజులు ఆ గాయం కట్టు మార్చింది నేను. టేపు ఎట్ల తీయాలెనో నాకు తెలుసు. వాసన నాకు అలవాటే."

మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. ఏడుస్తదని బిడ్డను బయట కూసోబెట్టినం. గుసుల్ ఇచ్చే హక్కు మొదట దగ్గరి రిష్తేదార్లదేనని ఆలిమా రెండో వారమే చెప్పింది. ఆ హక్కును మేం గుంజుకున్నమని ఆ పిల్ల చెప్పేదాకా మా దిమాక్‌కు ఎక్కలే. మాఫ్ చేసిన్నని ఆమె నోటితోని అనలేదు. నేనూ మళ్లా అడగలే. వచ్చి తఖ్తా పక్కన నిలబడి, నానీ చేతిలోని లోటా తీసుకున్నది.

మీ బస్తీల గుసుల్ ఇచ్చే ఆడవాళ్లు ఎందరున్నరో, వాళ్ల ఉమర్ ఎంతో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్ల పక్కన నిలబడేటోళ్లు ఎవరన్నా ఉన్నరేమో చూడండి. గుసుల్ ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి మీద నుంచి బరువు దిగుతది. ఆ కొందరు ఒక్క ముసలి నానీయే అయితే, రేపు ఆమె తఖ్తా మీద పడుకున్ననాడు లోటా ఎవరు పడతరు?

అల్లాహ్ ఆపాను మగ్ఫిరత్ చేయాలె. మన చేతులకు హునర్, మన నోటికి తాళం ఇయ్యాలె. ఆమీన్.