షాలిబండ గల్లీలో ఊసరవెల్లి వైద్యం

షాలిబండ గడియార స్తంభం దాటాక ఒక ఇరుకు గల్లీలో, పాత ఇంటి మేడ మీద ఉంది ఆ క్లినిక్. మెట్ల మీదే పావురాల బుట్టలు, పిల్లుల సంచులు పట్టుకుని జనం వరస కట్టారు. పాతబస్తీలో పావురాల పెంపకం తరాల నాటి ముచ్చట. నేను వెళ్లింది మాత్రం ఊసరవెల్లుల కోసం. బల్లులు, తాబేళ్లు, ఇగ్వానాల వంటివాటిని చూడటానికి డాక్టరమ్మ వారంలో ఒక పూట విడిగా పెట్టుకున్నారు.

నేను లోపలికి వెళ్లేసరికి బల్ల మీద వీల్డ్ కెమీలియన్ రకం ఊసరవెల్లి ఒకటి ఉంది. నెత్తిన ఎత్తయిన ఎముక కిరీటం, ఒంటి మీద పసుపు పట్టీలు. యెమెన్, నైరుతి సౌదీ అరేబియా కొండలు దాని పుట్టిల్లు. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన వాళ్ల సంతతి ఇక్కడికి కొద్ది దూరంలోని బార్కస్‌లోనే ఉంటున్నారు. అదే దేశపు జీవి పెంపుడు జంతువుల వ్యాపారంలో పడి ఈ గల్లీ దాకా వచ్చింది.

తెచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నాలుగు రోజులుగా అది ఏమీ తినడం లేదట. డాక్టరమ్మ చూపుడువేలితో కింది దవడను మెల్లగా నొక్కారు. తడిసిన అట్టముక్కలా వంగిపోయింది. ముందుకాళ్లు రెండూ బయటికి వంకర తిరిగి ఉన్నాయి. పట్టకారుతో ఒక ఇలకోడిని ఎదురుగా పట్టుకున్నారు. రెండు కళ్లూ ఒక్కసారే దాని మీదికి తిరిగాయి, నోరు తెరుచుకుంది. నాలుక సగం దూరం వచ్చి వాలిపోయింది. మళ్లీ లోపలికి తీసుకోవడానికే దానికి చాలాసేపు పట్టింది. ఆకలి ఉంది, చూపు ఉంది, కండరానికి బలం లేదు. ఆ కాసేపూ గదిలో ఎవరమూ మాట్లాడలేదు.

"ఎండ తగులుతదా తమ్మీ?"

"మంచిగ తగులుతది మేడం. అద్దాల పెట్టెను కిటికీ కాడనే పెట్టిన."

జబ్బు మూలం అక్కడే దొరికింది. ఎండలోని యూవీ-బీ కిరణాలు చర్మానికి తగిలితేనే ఈ జీవి ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. మామూలు గాజు వెలుగును రానిస్తుంది కానీ ఆ కిరణాలను ఆపేస్తుంది. పైగా పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. రక్తంలో తక్కువైన కాల్షియాన్ని ఒళ్లు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది. అందుకే మేత పురుగుల మీద కాల్షియం పొడి చల్లాలి. డి3 మందును మాత్రం ఇష్టం వచ్చినట్టు పోయకూడదు. అది ఎక్కువైతే మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది.

"నీళ్ల గిన్నె రోజూ కడిగి పెడుతున్న మేడం, ముట్టుకుంటనే లేదు."

"గిన్నెల నీళ్లు దానికి నీళ్ల లెక్కనే అనిపియ్యవు. ఆకుల మీద బొట్లు జారాలె. అప్పుడు నాకుతది."

రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగిందంటే, కళ్లు లోతుకు పోయాయంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి జానెడు లోతున తడి ఇసుక దొరకకపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం పోవచ్చు. అమ్మేవాళ్లు వీటిలో ఒక్కటైనా చెప్పి పంపుతున్నారా? ఈ కుర్రాడికైతే చెప్పలేదు. కొన్నప్పుడు చేతిలో పెట్టింది అద్దాల పెట్టె, ఒక బల్బు మాత్రమే. ఇంత ప్రేమగా చూసుకునే పిల్లవాడి చేతిలో ఆ జీవి ఇట్లా అయిందంటే నాకు కోపమే వచ్చింది.

రంగు సంగతి అడిగాను. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మోసగాళ్లను తిడతాం మనం. దాని రంగులో మోసం లేదు. చర్మకణాల్లోని సన్నని గ్వానిన్ స్ఫటికాల మధ్య ఎడం మారితే రంగు మారుతుందని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. పక్క ఆకును చూసి వేషం వేయడం కన్నా వేడి, చలి, భయం, కోపం వల్ల మారేదే ఎక్కువ. పగటిపూట వదలకుండా నల్లబడి ఉందంటే చలో, బెదురో, జబ్బో ఉన్నట్టు. నోరు లేని జీవి తన బాధను ఒంటి మీదే చూపిస్తోంది. మనకు చదవడం రావాలి.

మన తుప్పల్లో, చెట్ల మీద కనిపించే దేశీ ఊసరవెల్లిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా తెస్తే అటవీశాఖకు కబురు చేస్తానని డాక్టరమ్మ చెప్పారు. విదేశీ రకాలను పెంచేవాళ్లు కూడా 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆ మాటా ఈ కుర్రాడికి కొత్తదే. ఫోన్ తీసి అక్కడికక్కడే రాసుకున్నాడు.

సిరంజితో చుక్కచుక్కగా కాల్షియం ద్రవం నోట్లో వేశారు. పొద్దున లేత ఎండలో, జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా డాబా మీద పెట్టమన్నారు. మే నెల ఎండకైతే ఆ పనే చేయొద్దన్నారు. వారం వారం తూకం రాయమన్నారు.

"దవడ మల్ల గట్టివడుతదా మేడం?"

"మందు, ఎండ సక్కగ పడితే దవడ గట్టివడుతది. కాళ్లు మాత్రం గిట్లనే ఉంటయి. సన్నకొమ్మలు దగ్గర దగ్గర, కిందికి కట్టు. పడితే ఎముక విరుగుతది."