ఎద్దులు వదిలే పండుగ

హోసూరు నుండి కృష్ణగిరికి పెద్ద రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లు. సంక్రాంతి వెళ్లిన తరువాత ఆ దారిన పోతూంటే శూలగిరికి అటో ఇటో ఏదో ఒక పల్లెలో జనం కిక్కిరిసి కనబడతారు. మిద్దెల మీద, చెట్ల మీద కూడా మనుషులే. తమిళులు దానిని ఎరుదు విడుం విళా అంటారు. మనవారికి ఎద్దుల పండుగ.

2016లో తమిళనాడు ప్రీమియర్ లీగు పెట్టి ఊళ్ల పేర్లతో క్రికెట్ జట్లు దింపారు. తరువాత సేలం పేరుతోనూ ఒక జట్టు వచ్చినది. మన పల్లెలకు మాత్రం జట్టన్నా, పరువన్నా ఎద్దే. ఫలానా ఊరి ఎద్దు ఎవరికీ చిక్కలేదంటే ఏడాదిపాటు టీ కొట్లలో అదే మాట.

మదురై వైపు జల్లికట్టులో మూపురం పట్టుకొని వేలాడుతారు. వేలూరు వైపు గడియారం పెట్టి పరుగు చూస్తారు. ఇక్కడ కొమ్ములకు రంగురంగుల తడికె కట్టి వీధిలో వదులుతారు. దానిని ఊడబెరికినవాడిదే గెలుపు. మన చంద్రగిరి దగ్గర రంగంపేటలోనూ కొమ్ములకు పలకలు కడతారు గదా, ఇది దానికి దగ్గర చుట్టమే. అందుకే కాబోలు, ఇక్కడి కేకలలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడతాయి.

2014 మే 7న సుప్రీంకోర్టు ఇటువంటి ఆటలను నిషేధించినది. 2017 జనవరిలో మెరీనా ఒడ్డున యువకులు కూర్చున్న పిమ్మట రాష్ట్రం చట్టం సవరించినది. 2023 మే 18న సుప్రీంకోర్టే ఆ సవరణ చెల్లునన్నది. అయితే కలెక్టరు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి ఆలస్యమైనందుకే 2023 ఫిబ్రవరి 2న హోసూరు సమీపాన గోపసంద్రం వద్ద జనం రహదారి మీద బైఠాయించారు. రాళ్లు పడ్డాయి, బస్సుల అద్దాలు పగిలాయి, బండ్లు గంటలకొద్దీ నిలిచిపోయాయి. ఎద్దు మీద ప్రేమకూ, బస్సు అద్దానికీ ఏమి సంబంధమో మాకు బోధపడలేదు.

అట్లని పండుగే వద్దనడానికి మాకు మనసొప్పదు. పొలాలు ఫ్యాక్టరీలు, లేఅవుట్లు అవుతున్న ఈ తాలూకాలో దున్నకానికి ట్రాక్టరు వచ్చిన తరువాత కూడా ఎద్దును మేపి పెంచుతున్నారంటే ఈ ఒక్క రోజు కోసమే. కాని గుద్దులు తినేది ఎక్కువగా ఆడేవాడు కాదు, అడ్డుకట్ట దాటి సెల్‌ఫోను పట్టుకొని నిలిచినవాడు. పిల్లలతో వెళ్లేవారు తెలిసినవారి మిద్దె ముందుగానే అడిగి పెట్టుకోవడం మంచిది. ఎండ ఎక్కేలోపల చేరితే చోటు దొరుకుతుంది.