ఆ ఒక్క వాక్యం!

అప్రైజల్ ఫారంలో 'మీ గురించి రెండు వాక్యాలు' అన్న చోట ఆగిపోయా. కోడ్ రాయమంటే తెల్లార్లూ రాస్తాను కానీ, నా గురించి ఇంగ్లిష్‌లో రాయమంటే ఇప్పటికీ చెమటలే. పదో తరగతి దాకా తెలుగు మీడియం మరి! కాలేజీలో సీనియర్ల రెజ్యుమెల్లో చూసి బట్టీపట్టిన వాక్యం గుర్తొచ్చింది. 'ఐయామ్ ఆల్వేస్ ఆన్ ది లుకౌట్ ఫర్ బెటర్ ఆపర్చునిటీస్' అని రాసి పంపేశా. కొత్తవి నేర్చుకునే అవకాశాల కోసం చూస్తుంటానని నా ఉద్దేశం.

మర్నాడు మేనేజర్ పిలిచారు. 'మానేస్తున్నావా? ముందే చెబితే నీ పని ఇంకొకరికి ఇస్తా' అన్నారు. గుండె ఆగినంత పనైంది. ఆ నెలే మా టీమ్‌లో ఇద్దరిని తీసేశారు. ఊళ్లో ఇంటి లోను నా జీతం మీదే నడుస్తోంది.

వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. లుకౌట్ అంటే ఓడ మీద నిలబడి కాపు కాసేవాడు. వాడి చూపెప్పుడూ దూరంగానే ఉంటుంది. దానికి 'బెటర్ ఆపర్చునిటీస్' తోడైతే ఆఫీసు భాషలో ఒకటే అర్థం... ఇంకో ఉద్యోగం! 'ఐ లుక్ ఫర్ వేస్ టు ఇంప్రూవ్ మై వర్క్' అని ఉంటే గొడవే లేదు.

మనకి 'వెతుకుతున్నాను' అంటే ఇప్పుడు, 'వెతుకుతుంటాను' అంటే అలవాటు. ఇంగ్లిష్‌లో అలవాటుకి 'ఐ లుక్ ఫర్' చాలు. మనమేమో 'ఐయామ్ లుకింగ్ ఫర్' అనేస్తాం. వినేవాళ్లకి ఇప్పుడే వెతుకుతున్నట్టు ఉంటుంది. అంతెందుకు, డిగ్రీ చేతికొచ్చిన ఆర్నెల్లకి కూడా నా రెజ్యుమెలో 'పర్స్యూయింగ్ బీటెక్' అనే ఉండేది. పర్స్యూ అంటే వెంటపడటం. దొరికాక ఇంకా వెంటపడటమేంటి!

అదృష్టం, మా మేనేజర్ తెలుగాయన. 'నేర్చుకుంటుంటానని రాయబోయాను సార్' అన్నా. నవ్వి, ఫారం వెనక్కి పంపారు.

మొన్న తమ్ముడు రెజ్యుమె పంపాడు. మొదటి వాక్యం 'సీకింగ్ ఎ ఛాలెంజింగ్ పొజిషన్'. వెంటనే ఫోన్ చేశా.

'ఒరేయ్, అసలు నీకేం కావాలో తెలుగులో చెప్పు.'

కాసేపు ఆలోచించాడు. 'పైథాన్ వచ్చన్నయ్యా. ఇంకా నేర్పించే చోట ఉద్యోగం కావాలి.'

'అదే ఇంగ్లిష్‌లో రాయి' అన్నా.