ఓపీకి రాని హాని

కాలిన గాయాలతో వచ్చిన బిడ్డకు చికిత్స చేసిన వైద్యుడెవరూ నిప్పును తేలిగ్గా తీసుకోరు. మంటను ఆపుతుందన్న ఏ రసాయనానికైనా మా వృత్తిలో మొదట ఆదరణే దొరుకుతుంది. అయితే కాలిన గాయానికి ఒక వార్డు, ఒక కేసు షీటు ఉంటాయి. సోఫా ఫోమ్‌లో కలిపిన బ్రోమిన్ రసాయనం చేసే కీడుకు అవేవీ లేవు. తరగతిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాణ్ణి క్లినిక్‌కు తెస్తే దానికి నెలలు నిండకుండా పుట్టడం, రక్తహీనత, చాలని నిద్ర, వంశం ఏదైనా కారణం కావచ్చు. అందులో రసాయనం వాటా ఎంతో ఏ రక్తపరీక్షా చెప్పదు. ఇలాంటి హాని ఒక్క రోగిలో దొరకదు, వందలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తేనే బయటపడుతుంది. అందుకే జబ్బు వచ్చాక చూద్దామనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ సరుకు ఇంట్లో అడుగుపెట్టకముందే దాని సంగతి తేల్చాలి.

సోఫా ఫోమ్ చిన్న మంటను 12 సెకన్లు తట్టుకోవాలని కాలిఫోర్నియా 1975లో నిబంధన పెట్టింది. పెద్ద మార్కెట్ కావడంతో ఆ ఫోమే అమెరికా అంతటా ఇళ్లలోకి చేరింది, అక్కడ కాపురముంటున్న మనవాళ్ల ఇళ్లలోకి కూడా. మంటను తట్టుకోవడానికి అందులో కలిపిన పీబీడీఈలనే బ్రోమిన్ రసాయనాలు ఫోమ్‌తో రసాయనికంగా పెనవేసుకోవు, మెల్లగా బయటికొచ్చి ఇంటి దుమ్ములో కలుస్తాయి. నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పసివాళ్లకే ఎక్కువ అందుతాయి. స్వీడన్‌లో భద్రపరిచిన చనుబాలను పరీక్షిస్తే 1972 నుంచి 1997 దాకా సుమారు ఐదేళ్లకోసారి ఇవి రెట్టింపవుతూ వచ్చాయి. కాలిఫోర్నియా సాలినాస్ లోయలో గర్భిణుల రక్తంలో ఇవి ఎక్కువున్నకొద్దీ వారి పిల్లలు ఏకాగ్రత, తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు. న్యూయార్క్‌లో బొడ్డుతాడు రక్తం మీద జరిగిన అధ్యయనమూ అదే చెప్పింది. సంబంధం కనిపిస్తే కారణమైనట్టేనా అని అడగడం న్యాయమే. కానీ ఈ అణువుల ఆకృతి థైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది, ఎలుకల్లో ఇవి ఆ హార్మోన్‌ను తగ్గిస్తాయి, గర్భస్థ శిశువు మెదడు ఎదిగేదేమో దాని మీదే. ఇన్ని దారులు ఒకచోట కలిశాక ఇంకా రుజువు కావాలంటే ఆ రుజువు పిల్లల మీదే తయారవుతుంది.

ఈ రసాయనాలు ప్రాణాలు కాపాడుతున్నాయి కదా అన్నది బలమైన వాదన. అయితే ఆ 12 సెకన్ల పరీక్ష ఒట్టి ఫోమ్‌కు చేసింది. నిజమైన ప్రమాదంలో ముందు పైగుడ్డ అంటుకుంటుంది, ఫోమ్‌ను చేరేసరికి మంట పెద్దదవుతుంది. కాలిఫోర్నియాయే 2013లో నిబంధన మార్చి, ఆరని సిగరెట్ వంటి రగులుడును పైగుడ్డ తట్టుకుంటే చాలంది. దానికి రసాయనాలు అక్కర్లేదు. పాత రసాయనాలను ఆపేశారుగా అనేవారు పిల్లల నైట్‌డ్రెస్సుల చరిత్ర చూడాలి. మంటను ఆపడానికి వాటిలో కలిపిన బ్రోమిన్ ట్రిస్ అనే రసాయనం జన్యువులను దెబ్బతీస్తుందని శాస్త్రవేత్తలు ఆర్లిన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ చూపాక 1977లో నిషేధించారు. దాని బదులు వచ్చిన క్లోరిన్ ట్రిస్‌కూ అదే గుణం ఉందని తేలి నైట్‌డ్రెస్సుల నుంచి తప్పించారు. 2011లో 101 పసిపిల్లల వస్తువుల ఫోమ్‌ను పరీక్షిస్తే మూడో వంతుకు పైగా వాటిలో ఆ క్లోరిన్ ట్రిసే దొరికింది. మన దేశం 2018 నిబంధనల్లో కొన్ని బ్రోమిన్ రసాయనాలను పేరుపేరునా నిషేధించింది. మంచిదే, కానీ ఆపవలసింది ఒక్కో పేరును కాదు, ఆ రసాయన కుటుంబాన్నంతటినీ. తల్లులకు తడిగుడ్డతో నేల తుడవమని, తినేముందు బిడ్డ చేతులు కడగమని నేను చెబుతూనే ఉంటాను. ఫోమ్‌లో ఏం కలపాలో నిర్ణయించేది మాత్రం ఆ తల్లులు కాదు.